పర్చూరు మనిషికి ఎన్ని గడులు?

పర్చూరు ఉన్నచోటే ఉంది. 1970 ఫిబ్రవరి 2 దాకా అది గుంటూరు జిల్లా ఊరు. ఆ రోజున కొత్తగా పుట్టిన ఒంగోలు జిల్లాలోకి వెళ్లింది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న పర్చూరు బాపట్ల జిల్లాకు మారింది. నల్లరేగడి కదల్లేదు. పత్తి, మిరప, శనగ, పొగాకు వేసేవాళ్లూ మారలేదు. ఊళ్లో అరవై దాటిన మనిషి కాగితాలు తిరగేస్తే మాత్రం ఆయన మూడు జిల్లాల వాడుగా కనిపిస్తాడు.

జిల్లా గడి మారితే దరఖాస్తు తిరిగి రాసుకుంటే సరిపోతుంది. మనిషిని పెట్టే గడి మారితే కూలి మారుతుంది, కొలువు మారుతుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. అందుకే ఈ లెక్కలన్నీ.

కంపెనీల నిర్వహణ మీద పరిశోధన చేసేవాళ్లు నలభై ఏళ్లుగా ఎక్కువగా వాడుతున్న మాటల్లో ‘ఎథ్నిసిటీ’ ఒకటి. ఎంబీఏ పిల్లలు దాన్ని రెండు పాఠాల్లో చదువుతారు: వేర్వేరు దేశాల వాళ్లతో పని చేయించడం ఎలా అన్నది ఒకటి, ఒకే కప్పు కింద రకరకాల మనుషుల్ని న్యాయంగా చూడటం ఎలా అన్నది రెండోది. మన భాషలో దీనికి సూటి మాట లేదు. జాతి అందామంటే జాతీయ జెండాలో ఉన్నదీ అదే, కోడిపుంజు ఏ రకమో అడిగేటప్పుడు వచ్చేదీ అదే, తిట్లలో దొర్లేదీ అదే. తెగ అంటే అడవులు, కొండలే గుర్తొస్తాయి. కులం అంటే ఇంకో లెక్క. ఇంగ్లిషు మాట ఒక్కటే ఈ మూడింటి మీదా పరుచుకుంటుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ రాతలు ఆయన పోయాక 1922లో అచ్చయ్యాయి. వాటిలో ఆయన చెప్పింది ఇదీ: ఒకే మూలం నుంచి వచ్చామన్న నమ్మకమే ఒక గుంపును ఎథ్నిక్ గుంపుగా నిలబెడుతుంది, నిజంగా రక్తసంబంధం ఉందా లేదా అన్నది ముఖ్యం కాదు. 1969లో నార్వే మానవశాస్త్రవేత్త ఫ్రెడ్రిక్ బార్త్ ఇంకో అడుగు ముందుకేశాడు. గుంపు లోపలి ఆచారాలు కావు, గుంపుకూ గుంపుకూ మధ్య ఉన్న గీతను చూడమన్నాడు. ఆచారాలు మారిపోయినా గీత మిగలొచ్చు.

బార్త్ చెప్పింది చూడాలంటే నార్వే దాకా పోనక్కర్లేదు. మిరప కోతల కాలంలో పర్చూరు చుట్టుపక్కల చేల గట్ల మీద నిలబడితే చాలు. గట్టు వార పట్టాలతో వేసిన గుడారాలు, మూడు రాళ్ల పొయ్యి, చెట్టు కొమ్మకు చీరతో కట్టిన ఉయ్యాల. కర్నూలు జిల్లా కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి పిల్లాజెల్లాతో వచ్చిన కూలీలవి. ఈ వలసను వాళ్లు ‘సుగ్గి’ అంటారు. కల్లంలో ఆడవాళ్లు ముఖానికి గుడ్డ చుట్టుకుని, ఎర్రటి కాయను ఒక పక్కకు, రంగు చెడిన తాలు కాయను ఇంకో పక్కకు ఏరుతుంటారు. ఘాటుకు ఎవరో ఒకరు తుమ్ముతూనే ఉంటారు. వాళ్లలో బోయలున్నారు, కురువలున్నారు, మాదిగలున్నారు. కొందరి ఇళ్లల్లో తెలుగు, కన్నడం కలగలిసిన మాట. సొంతూళ్లో ఎవరి వీధి వారిదే. ఇక్కడి రైతు నోట మాత్రం అందరూ ‘కర్నూలోళ్లు’. మేస్త్రీ బేరం మాట్లాడేది ఆ పేరు మీదే.

పక్కనే మార్టూరు గ్రానైట్ యూనిట్లున్నాయి. అక్కడ ఒడిశా వాళ్లు, బీహార్ వాళ్లు, రాజస్థాన్ వాళ్లు రాళ్లు కోస్తారు, పాలిష్ పడతారు. ఒడియా మాట్లాడే కుర్రాడు కూడా మనకు ‘హిందీవాడే’. ఇక మన రైతు కొడుకు చెన్నైలో చదవడానికి పోతే అక్కడ ‘గొల్టి’, హైదరాబాద్‌లో ‘ఆంధ్రావాడు’, న్యూజెర్సీలో ‘ఇండియన్’, అక్కడి కంపెనీ ఫారంలో ‘ఏషియన్’. మనిషి ఒక్కడే, తాకిన గీతలు నాలుగు. ఎదురుగా ఎవరున్నారన్న దాన్నిబట్టి మనిషి జాతి మారుతుంది. ఈ సంగతిని చాలా పరిశోధనలు మొదటి పేజీలో ఒప్పుకుంటాయి, లెక్కల పట్టికకు వచ్చేసరికి వదిలేస్తాయి.

77, 40

వదిలేసినవాటిలో పెద్దది డచ్ పరిశోధకుడు గీర్ట్ హాఫ్‌స్టెడ్ పుస్తకం. 1967 నుంచి 1973 దాకా ఐబీఎం ఉద్యోగుల దగ్గర సేకరించిన లక్షకు పైగా ప్రశ్నపత్రాల ఆధారంగా 1980లో వచ్చింది. దేశాలకు మార్కులు వేసింది. పెద్దవాడి ముందు చిన్నవాడు ఎంత ఒదిగి ఉంటాడు, ఆ ఎక్కువ తక్కువలను ఎంత సహజంగా తీసుకుంటాడు అన్న కొలతలో భారతదేశానికి 77, అమెరికాకు 40. ఇప్పటికీ హెచ్ఆర్ శిక్షణల్లో ఈ రెండంకెలు తెర మీద పడుతుంటాయి.

ఈ అంకెల మీద నాకున్న అభ్యంతరం చిన్నది కాదు. మొదటిది, అడిగింది ఒక్క కంపెనీ ఉద్యోగులను. 2002లో బ్రెండన్ మెక్‌స్వీనీ అనే పరిశోధకుడు ఆ లెక్కలు విప్పి చూస్తే, రెండు విడతల్లోనూ వెయ్యి మందికి పైగా జవాబులిచ్చిన దేశాలు ఆరే తేలాయి. పాకిస్తాన్ సంగతైతే ఆ రెండు విడతల్లో 37, 70, అంటే మొత్తం 107 ప్రశ్నపత్రాలు. రెండోది మనకు ఇంకా దగ్గరిది. దేశమంతటికీ 77 అంటే పత్తి వేయించే ఆసామికీ 77, పత్తి తీసే కూలీకీ 77. ఒదిగి ఉండటం ఇద్దరి ‘సంస్కృతి’ అట. ఆసామి ముందు కూలీ ఎందుకు ఒదుగుతాడో ఊళ్లో పుట్టినవాళ్లకు తెలుసు. అది సంస్కృతి కాదు, రేపటి పని.

దేశంతో ఆగకుండా దేశం లోపలి గుంపులను చూడాలన్న పరిశోధన 1990ల మొదట్లో అమెరికాలో ఊపందుకుంది. టేలర్ కాక్స్, షారన్ లోబెల్, పాపీ మెక్‌లౌడ్ 1991లో నలుగురేసి విద్యార్థుల జట్లతో ఒక ఆట ఆడించారు. అందరూ తెల్లవాళ్లే ఉన్న జట్లకంటే, ఆసియా, నల్లజాతి, హిస్పానిక్, తెల్ల విద్యార్థులు కలిసిన జట్లు ఎక్కువగా సహకరించుకున్నాయి. మంచి ఫలితమే. కానీ ‘ఆసియా’ అన్న గడిలో జపాన్ వాళ్లూ మనమూ ఒకటే. మరుసటి ఏడాదే స్టెల్లా న్‌కోమో గట్టిగా రాశారు: సంస్థల మీద పరిశోధన తెల్ల మగవాడినే మామూలు మనిషిగా పెట్టుకుని, మిగతావాళ్లను తేడా మనుషులుగా కొలుస్తోందని. అదే 1992లో మనస్తత్వవేత్త జీన్ ఫినీ 14 ప్రశ్నల కొలబద్ద ఇచ్చారు. తన గుంపు పట్ల మనిషికి ఎంత మమకారం, ఎంత తెలుసుకున్నాడు, ఎంత కలిసి మెలుగుతాడు అన్నవి అందులో ఉంటాయి. దానికి ముందు ఒక ఖాళీ. నా జాతి ఫలానా అని మనిషే నింపుకోవాలి. నాకు నచ్చింది ఆ ఖాళీయే. పర్చూరులో ఎవరైనా దాన్ని నింపితే ఏం రాస్తారు? తెలుగు అనా, కులమా, క్రైస్తవులమనా, ఊరి పేరా? నాలుగూ నిజమే. ఎవరు అడుగుతున్నారో చూసుకుని రాస్తారు.

19, 7, 0

దేశదేశాల ఫారాలు చూద్దాం. ఇంగ్లండు, వేల్స్‌లో 1991 నుంచి జనగణనలో ఎథ్నిక్ గుంపు అడుగుతున్నారు. 2021లో 19 గడులు. ‘ఇండియన్’ గడిలో 18.6 లక్షల మంది, జనాభాలో 3.1 శాతం. అమెరికాలో వందమంది, అంతకుమించి ఉద్యోగులున్న ప్రైవేటు కంపెనీలు ప్రభుత్వానికి ఇచ్చే లెక్కలో 7 గడులు. మనం ‘ఏషియన్’. అక్కడి జనగణనలో ‘ఏషియన్ ఇండియన్’ అని విడిగా గడి 1980లోగాని రాలేదు. అంతకుముందు 1970లో మనవాళ్లను తెల్లవాళ్లలో కలిపి లెక్కపెట్టారు. 1923లో మాత్రం, భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ తెల్లవాడు కాడని అక్కడి సుప్రీంకోర్టు తేల్చి, పౌరసత్వానికి అర్హుడు కాడంది. యాభై ఏళ్ల తేడాలో మన రంగే కాగితం మీద మారిపోయింది. 2020 నాటికి ఆ గడి ఒక్కదానికే టిక్కు పెట్టినవాళ్లు దాదాపు 44 లక్షలు. వీళ్లలో తెలుగువాళ్లెందరో అడిగే గడి లేదు. ఇంట్లో ఏ భాష మాట్లాడతారన్న వేరే ప్రశ్న ద్వారా, 2017 నాటికి తెలుగు మాట్లాడేవాళ్లు నాలుగు లక్షలు దాటారని, ఏడేళ్లలో 86 శాతం పెరిగారని తెలిసింది.

ఇక మన దేశం. షేర్ మార్కెట్లో ఉన్న పెద్ద వెయ్యి కంపెనీలు 2022-23 నుంచి సెబీ నిబంధనల ప్రకారం బాధ్యత నివేదిక తప్పనిసరిగా ఇవ్వాలి. ఉద్యోగుల పట్టికలో మగవాళ్లెందరు, ఆడవాళ్లెందరు, దివ్యాంగులెందరు అని ఉంటుంది. కులానికి, తెగకు, మతానికి, భాషకు గడులు సున్నా. గడి లేకపోతే లెక్క లేదు, లెక్క లేకపోతే సమస్యే లేదనుకుంటారు.

లెక్కలు లేవు కాబట్టి పరిశోధకులు పేర్లను పట్టుకున్నారు. డి. అజిత్, హాన్ డోంకర్, రవి సక్సేనా 2012లో పెద్ద వెయ్యి కంపెనీల 9,052 మంది డైరెక్టర్ల పేర్లను చూసి కులం కట్టారు. అగ్రవర్ణాలు 92.6 శాతం, వెనుకబడిన తరగతులు 3.8, ఎస్సీ ఎస్టీలు కలిపి 3.5 శాతం. సుఖదేవ్ థోరట్, పాల్ అట్‌వెల్ 2007లో అచ్చువేసిన అధ్యయనానికి 66 వారాల పాటు 548 ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. అర్హతలు ఒకటే, పేరే వేరు. అగ్రవర్ణ పేరుకు పిలుపు వచ్చే అవకాశం 1 అనుకుంటే దళిత పేరుకు 0.67, ముస్లిం పేరుకు 0.33. రెండేళ్ల తర్వాత అభిజిత్ బెనర్జీ, సెంధిల్ ముల్లైనాథన్ తదితరులు ఢిల్లీ ప్రాంతంలో ఇలాగే చేస్తే, సాఫ్ట్‌వేర్ కొలువుల్లో కులాన్నిబట్టి తేడా కనపడలేదు. కాల్ సెంటర్లలో కొంత కనపడింది. రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టుకోవాలి. వివక్ష అన్నిచోట్లా ఒకేలా ఉండదు. కొలువు స్వభావం దాన్ని మారుస్తుంది.

ఇక్కడ తెలుగువాడిగా ఒక మాట చెప్పాలి. పేరు పట్టుకుని కులం చెప్పడం మన దగ్గర అంత సులువు కాదు. మన ఇంటిపేరు చాలాసార్లు ఊరి పేరు. ఒకే ఇంటిపేరు బ్రాహ్మల్లో ఉంటుంది, కమ్మల్లో ఉంటుంది, మాలల్లో ఉంటుంది. చివర నాయుడు అంటే కాపు కావచ్చు, వెలమ కావచ్చు, కమ్మ కావచ్చు. పర్చూరు వైపు చాలామంది దళితులకు బైబిల్ పేర్లు, కాగితాల్లో హిందూ పేర్లు రెండూ ఉంటాయి. పైగా కమ్మ, రెడ్డి, కాపులను నాలుగు వర్ణాల పట్టికలో ఏ గడిలో పెడతారు? ఉత్తరాది కొలబద్దతో మన నేలను కొలిస్తే గింజ, పొట్టు కలిసిపోతాయి. ఆ పరిశోధనలు తప్పని అనడం లేదు. 92.6 అన్నది రెండు మూడు అంకెలు అటూ ఇటూ అయినా చెప్పే నిజం మారదు. మన వర్సిటీల్లో ఎవరైనా తెలుగు కంపెనీల మీద ఇలాంటి పని చేస్తే, పేరు చూసి ఊహించకుండా మనిషినే అడగాలన్నదే నా మాట.

గడి గీసి పనిలో పెట్టిన చోటు

జాతిని నిర్వహణ సాధనంగా వాడిన పాత ఉదాహరణ మనకు పొరుగునే ఉంది. బాపట్ల, చీరాల మధ్య రైలు మార్గంలో స్టువర్టుపురం. అక్కడి ఎరుకలవారు ఒకప్పుడు గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని తీరానికీ లోపలి ఊళ్లకూ మధ్య తిరిగి వ్యాపారం చేసినవాళ్లు. రైళ్లు వచ్చాయి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, ఆ బతుకు పోయింది. తిరిగేవాళ్ల మీద అనుమానం మాత్రం మిగిలింది. 1871 నేరస్థ తెగల చట్టం 1911 సవరణతో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. పుట్టుకతోనే నేరస్థులన్న గడిలో వాళ్లను పెట్టారు. వాళ్లను ఉంచడానికి 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికి అప్పజెప్పిన సెటిల్‌మెంటుకు మద్రాసు సర్కారులోని హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. హాజరు పలకాలి, వేలిముద్ర వేయాలి, చీటీ లేకుండా హద్దు దాటకూడదు. చీరాలలో పొగాకు కర్మాగారం వచ్చాక అక్కడికి కూలీలు ఈ సెటిల్‌మెంటు నుంచి వెళ్లారు. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన తన పుస్తకంలో ఈ సంబంధాన్ని పాత దస్తావేజుల్లోంచి తవ్వి చూపించారు. పని మానేస్తే వేరే కొలువు వెతుక్కోవడానికి వీల్లేని కూలీ ఏ యజమానికైనా కలిసివచ్చేవాడే.

1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా పోయింది. గీత పోలేదు. 1991లో ఒక్క ఏడాదే స్టువర్టుపురం పేరుతో రెండు తెలుగు సినిమాలొచ్చాయి, రెండూ దొంగలూ పోలీసుల చుట్టూ తిరిగేవే. ఆ ఊరి చదువుకున్న కుర్రాడు కొలువుకు పోయి చిరునామా రాసేటప్పుడు ఎంత ఆలోచించుకోవాలి! 2001 లెక్కల ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో ఎరుకలవారు 4.37 లక్షలు, యానాదులు 4.62 లక్షలు. వీళ్లు షెడ్యూల్డు తెగలు. పర్చూరు మిరప చేలల్లోకీ వలస వచ్చే లంబాడీలు మన రాష్ట్రంలో ఎస్టీలు, కర్ణాటకలో ఎస్సీలు, మహారాష్ట్రలో విముక్త జాతి. మాట్లాడేది గోర్ బోలి. 2011 జనగణన లంబాడీ మాట్లాడే 32.7 లక్షల మందికి పైగా జనాన్ని హిందీ కింద కలిపేసింది. ఒకే మనుషులకు మూడు రాష్ట్రాల్లో మూడు గడులు, భాషకు నాలుగోది.

ఇక కారంచేడు. పర్చూరు నియోజకవర్గంలోనిదే. 1985 జులై 17న అక్కడ ఆరుగురు మాదిగలను చంపారు. మిగిలినవాళ్లు ప్రాణాలు చేతపట్టుకుని చీరాల చేరారు. చంపినవాళ్లదీ చనిపోయినవాళ్లదీ ఒకటే భాష, ఒకటే యాస, ఒకటే నేల. హాఫ్‌స్టెడ్ ప్రశ్నపత్రం ఇస్తే రెండు వైపులా ఒకే మార్కులు రావచ్చు. జాతి అంటే సంస్కృతి తేడా అని నిర్వచించే పరిశోధనకు కారంచేడు కనిపించదు. అక్కడున్నది భూమి ఎవరిది, చెరువు ఎవరిది, ఎవరు ఎవరికి తల వంచాలి అన్న గీత. అందుకే నేను బార్త్ పక్షం, దానికి ఒక షరతుతో: గీతను చూస్తే చాలదు, గీత గీసే కర్ర ఎవరి చేతిలో ఉందో కూడా రాయాలి.

7 లక్షణాలు, 5 మాటలు

ఈ చర్చ పుస్తకాల్లోనే ఉండిపోలేదు, కోర్టుల దాకా వెళ్లింది. బర్మింగ్‌హామ్‌లో ఒక బడి సిక్కు పిల్లవాడిని తలపాగాతో రావొద్దంది. 1983లో బ్రిటన్ ప్రభువుల సభ తీర్పునిస్తూ, ఎథ్నిక్ గుంపంటే ఏమిటో 7 లక్షణాలు చెప్పింది. ఉమ్మడిగా నడిచిన పొడవైన చరిత్ర, సొంత సాంస్కృతిక సంప్రదాయం, ఈ రెండూ ఉండి తీరాలి. ఒకే ప్రాంతం లేదా ఒకే పూర్వీకులు, భాష, సాహిత్యం, మతం, పెద్ద సమాజంలో చిన్న గుంపుగానో పెత్తనం చేసే గుంపుగానో ఉండటం, ఈ ఐదూ తోడు. సిక్కులు నెగ్గారు. ఈ ఏడింటితో కొలిస్తే తెలుగువాళ్లు నిలుస్తారు, ఎరుకలవారూ నిలుస్తారు. కులం నిలుస్తుందా? 2014 డిసెంబరులో బ్రిటన్ అప్పీలు ట్రిబ్యునల్ నిలవొచ్చంది. బీహార్ నుంచి వెళ్లిన ఒక ఆదివాసీ ఇంటిపని మనిషి వేసిన కేసది. ఆమెకు గిట్టిన జీతం గంటకు 11 పెన్నీలే. ‘ఎథ్నిక్ మూలం’ అన్న చట్టపు మాటలోనే కొన్ని సందర్భాల్లో కులం ఇముడుతుందని జడ్జి అన్నారు. మరుసటి ఏడాది ఆమెకు బాకీ వేతనంగా 1.83 లక్షల పౌండ్లకు పైగా ఇవ్వాలని తీర్పు వచ్చింది.

అమెరికాలో 1964 పౌరహక్కుల చట్టం ఉద్యోగ వివక్షకు 5 మాటలు వాడింది: జాతి, రంగు, మతం, లింగం, జాతీయ మూలం. కులం లేదు. 2020 జూన్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ సిస్కో కంపెనీ మీద, అందులోని ఇద్దరు ఇంజినీర్ల మీద కులవివక్ష ఆరోపణతో కేసు వేసినప్పుడు అక్కడి తెలుగు ఇళ్లల్లోనూ ఈ మాట చర్చకు వచ్చింది. ఆ ఇంజినీర్ల మీద వేసిన కేసును 2023లో ఆ శాఖే ఉపసంహరించుకుంది. అదే ఏడాది ఫిబ్రవరి 21న సియాటిల్ నగర మండలి 6-1 ఓట్లతో కులాన్ని నిషేధ జాబితాలో చేర్చింది. అక్టోబరు 7న కాలిఫోర్నియా గవర్నర్ అలాంటి బిల్లునే వెనక్కి పంపారు, పాత చట్టాల్లోని ‘వంశమూలం’ లాంటి మాటలే చాలని. నా అభిప్రాయం సియాటిల్‌తోనే. పేరు పెట్టి చెప్పని గాయం గురించి ఫిర్యాదు రాయడానికి మనిషికి నోరు రాదు.

పేర్లు పెట్టడం మొదలుపెడితే ఎక్కడ ఆగాలన్న ప్రశ్న కూడా నిజమైనదే. 1931 జనగణనలో కులాలు 4,147. 2011 సామాజిక ఆర్థిక కుల గణనలో జనం చెప్పింది చెప్పినట్టు రాస్తే 46 లక్షల పేర్లు వచ్చాయని కేంద్రం 2021లో సుప్రీంకోర్టుకు చెప్పింది. ఇంటిపేర్లు, గోత్రాలు, ఉపకులాలు, అక్షర దోషాలు అన్నీ కలిసి. మాతృభాషలదీ అదే తీరు. 2011లో జనం చెప్పిన పేర్లు 19,569, వడపోశాక 1,369, చివరికి పదివేల మందికి పైగా మాట్లాడే భాషలు 121. ఏడు గడులు మనిషిని మింగేస్తాయి, 46 లక్షల గడులు లెక్కనే మింగేస్తాయి. ఈ రెంటి నడుమ ఎక్కడ ఆగాలన్నది ఎందుకు లెక్కపెడుతున్నామన్న దాన్నిబట్టి తేలాలి. తెలంగాణ 2024 నవంబరులో ఇంటింటికీ తిరిగి 3.54 కోట్ల మందిని అడిగింది. ముస్లిం బీసీలతో కలిపి బీసీలు 56.33 శాతం, ఎస్సీలు 17.43, ఎస్టీలు 10.45 అని తేల్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జనవరిలో ఇలాంటి గణనే మొదలైంది.

2027 మార్చి 1 నాటి జనాభాను లెక్కగట్టే జనగణనలో, 1931 తర్వాత మొదటిసారి అందరి కులమూ అడగబోతున్నారు. మాతృభాష ప్రశ్న ఎప్పటిలాగే ఉంటుంది. పర్చూరు చేల గట్ల మీద గుడారాల్లో ఉన్నవాళ్లను కూడా అప్పుడు అడగాలి. వాళ్లు సుగ్గికి వచ్చే రోజులు కూడా అవే. మీ ఇంటికి గణకులు వచ్చినప్పుడు మీ కులం, మీ భాష మీ నోటితో చెప్పండి. వాళ్లు రాసింది ఒకసారి చూపించమనండి. మీ చేలో కోతకు వచ్చినవాళ్లు ఉంటే వాళ్లను అడగకుండా ‘కర్నూలోళ్లు’ అని మీరే చెప్పి పంపేయకండి.